చిన్నమ్మిని ఎవరు దింపాలి

జులై 4, శుక్రవారం

పొద్దున్నే మా అమ్మాయిని నిద్రలేపి పాలు తాగమంటే కళ్ళు తెరవకుండానే "ఏటమ్మా?" అంది.

ఏటి అట. మా పుట్టింట్లో గానీ అత్తగారింట్లో గానీ ఎవరి నోటా వినని మాట. తెనాలిలో పుట్టిన పిల్ల. "ఏంటి"లో ఉండాల్సిన సున్నాను ఎక్కడ పారేసుకొచ్చిందో నాకు తెలుసు. కింది వాటాలో, రాజశ్రీ దగ్గర.

బడి తెరిచిన వారానికే ఆటో అతను మానేశాడు. ఈ బిలాస్‌పూర్‌లో మేముండే తోర్వా నుంచి బడికి ఏడేళ్ళ పిల్లను నడిపించే దూరం కాదు. మా ఆయన బ్యాంకు రతన్‌పూర్‌లో. పిల్లకి జడ వేయడం పూర్తయ్యేలోపే ఆయన బస్సెక్కేస్తారు. అప్పుడు రాజశ్రీ మెట్ల దగ్గర నిలబడి, "మా ప్రవీణ్‌ని ఎలాగూ దింపుతాను కదా ఒదినా, ఈ గుంటని కూడా ఎక్కించీసుకుంటాను, దానికేటుంది" అంది. నేను థాంక్స్ చెప్పాను. ఆ రోజు మనస్ఫూర్తిగానే చెప్పాను.

రోజూ బాల్కనీలోంచి చూస్తుంటాను. స్కూటీ మీద ముందు రాజశ్రీ, మధ్యలో నా కూతురు, వెనక ప్రవీణ్. గేటు దాటకముందే నా కూతురు రెండు చేతులూ ఆమె నడుం చుట్టూ వేసి, చెంప వీపుకి ఆనించి హాయిగా కూర్చుంటుంది. మొదటి వారం పైకి చూసి నాకు చెయ్యి ఊపేది. ఇప్పుడు అదీ లేదు.

నా పుట్టినరోజుకి కొన్న స్కూటీ మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఉంది. "ముందు లైసెన్స్, ఆ తర్వాతే తాళం" అంటారు ఈయన. సరే, తీసుకుంటాను. ఎవరి మీదో పోటీకి కాదు. నా పిల్లను నేను దింపుకోవడానికి.

జులై 5

దాని పేరు సౌభాగ్య. మా అత్తగారి పేరు. రాజశ్రీ మాత్రం చిన్నమ్మి అంటుంది. ఇవాళ నేను సౌభాగ్యా, సౌభాగ్యా అని పిలుస్తుంటే పలకలేదు. కింద నుంచి "చిన్నమ్మీ" అని ఒక్క కేక వినపడగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

జులై 13, ఆదివారం

మా ఊళ్ళో అయితే ఎల్‌ఎల్‌ఆర్ అంటాం. ఇక్కడ ఆ మాట ఎవరికీ అర్థం కాదు. లర్నింగ్ అనాలట. ఆర్టీఓ ఆఫీసు గేటు బయట గొడుగు కింద కూర్చున్న ఏజెంటు నా ఆధార్ కార్డు చూసి, తెనాలి అడ్రస్ మీద వేలు పెట్టి, అది ఇంకో దేశం అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముందు ఆధార్‌లో అడ్రస్ మారాలి. అది మారాలంటే అద్దె ఒప్పందం కావాలి. ఒప్పందానికి స్టాంపు కాగితం, నోటరీ, ఇంటి ఓనరు సంతకం. ఇవి కాక ఫోటోలు, జిరాక్సులు, రానూ పోనూ ఆటోలు. నా దేశంలో నేను బండి నడపడానికి ఇంత తతంగం.

అన్నిటికన్నా మండింది ఏమిటంటే, ఓనరు సంతకం అంటే మంగాయమ్మ గారి సంతకం. ఇల్లు ఆవిడ పేరున ఉంది. ఆవిడ రాజశ్రీ అత్తగారు. అంటే నా లైసెన్స్‌కి మొదటి మెట్టు కూడా కింది వాటాలోనే.

కాగితం పట్టుకుని వెళ్ళాను. రాజశ్రీ భర్త దిలీప్ గూడ్సు బండి తీసుకుని డ్యూటీకి వెళ్ళి రెండు రోజులైందట. నా కూతురు వాళ్ళ పీట మీద కూర్చుని పులుసన్నం తింటోంది. మంగాయమ్మ గారు పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో సంతకం పెట్టారు. రాజశ్రీ ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏటి రాసినావత్తా, ముగ్గేసినట్టుంది" అని నవ్వింది. ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్న ఆమెకి తెలుగు చదవడం రాదు. ఆ క్షణం నాకు ఎంత చల్లగా అనిపించిందో ఇక్కడ రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను.

పైకి వచ్చాక సౌభాగ్య, "అమ్మా, నువ్వు పులుసులో బెల్లం ఎందుకెయ్యవు?" అని అడిగింది.

జులై 14

పులుసులో బెల్లం వేశాను. "అత్త పులుసులా లేదు" అంది.

జులై 24, గురువారం

ఆధార్ మారింది. ఇవాళ కాగితాలు చూపించడానికి ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. రాజశ్రీ తనంతట తనే తోడు వస్తానంది. "నీ హిందీకి తోడు కావాలి ఒదినా" అంది. నా హిందీకి ఏమైంది? హిందీ పరీక్షలు మధ్యమ దాకా పాసైన దాన్ని.

కౌంటరు దగ్గర కుర్రాడు కంప్యూటర్లోకి చూస్తూ "వ్యవసాయ్?" అని అడిగాడు. ఆంధ్రా వాళ్ళనగానే పొలాలుంటాయనుకుంటారు కాబోలనుకుని, "నహీ, బేచ్ దియా" అన్నాను. మా నాన్న పొలం అమ్మి చాలా కాలమైంది మరి. కుర్రాడు తలెత్తి "క్యా బేచ్ దియా?" అన్నాడు. "ఖేత్" అన్నాను. వెనక నుంచి రాజశ్రీ నా భుజం పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, "ఒదినా, వ్యవసాయ్ అంటే ఏటి పని చేస్తావని అడుగుతున్నాడు" అంది. తర్వాత అతనితో గడగడా ఏదో చెప్పింది. అతనూ నవ్వాడు. క్యూలో ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. గృహిణి అని టైపు చేశాడు.

అక్కడితో పోనిచ్చిందా. సాయంత్రం మెట్ల మీద కూర్చుని పిల్లలకి చెప్పింది. నా గొంతు, నా ముఖం, అన్నీ దింపేసింది. నా కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. రాత్రి అన్నం దగ్గర వాళ్ళ నాన్నకి మళ్ళీ చెప్పింది. "అమ్మ ఖేత్ బేచ్ దియా" అంటుంటే ఆయన కూడా నవ్వారు. ఆయన హిందీ నాకన్నా ఘోరం.

ఆగస్టు 2, శనివారం

లర్నింగ్ పరీక్ష పాసయ్యాను. హిందీలోనే రాశాను, కావాలని.

వచ్చిన కాగితం మీద శిక్షార్థి అని ఉంది. చదువు నేర్చుకునేవాడని అర్థమట. మన భాషలో చూస్తే శిక్ష వేయమని అడుక్కునేవాడు. ఈయనకి చెబితే బాగా నవ్వారు. రాజశ్రీకి చెబితే, "శిక్ష అంటే చదువే కదా ఒదినా, ఇందులో నవ్వేటుంది" అంది. అక్కడ మాత్రం నేనే గెలిచాను.

ఆగస్టు 10, ఆదివారం

బండి ఎవరు నేర్పుతారు? ఇంకెవరు.

రైల్వే గ్రౌండుకి నా స్కూటీని రాజశ్రీ నడుపుకుంటూ తీసుకెళ్ళింది. నేను వెనక కూర్చున్నాను. నా బండి మీద వెనక నేను. పిల్లలిద్దరూ గోడ మీద కూర్చున్నారు. ఆమె ముందు చేసి చూపించింది. ఇటుకల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో రెండుసార్లు తిరిగింది, కాలు కింద పెట్టకుండా, మాట్లాడుతూనే. నా కూతురు "అత్తా, అత్తా" అని చప్పట్లు కొట్టింది. నా వంతు వచ్చినప్పుడు మొదటి ఇటుకే ఎగిరిపోయింది. "అమ్మా, పర్లేదు" అంది. ఆ పర్లేదు అనడం చూడాలి, పెద్ద ఆరిందాలాగా.

రాజశ్రీ మంచి గురువు. కోప్పడదు. "బండి వంక చూడకు ఒదినా, ఎక్కడికెళ్ళాలో అటు చూడు. నువ్వు ఎటు చూస్తే అదటెళ్తాది" అని పదిసార్లు చెప్పింది. సీటు పట్టుకుని వెంట పరుగెత్తింది. చివరికి ఆయాసపడుతూ కూర్చుంటే మాటల్లో అడిగాను, మీరు లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నారు రాజశ్రీ గారూ అని.

"నాకెక్కడిది?" అంది.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. పధ్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇదే గ్రౌండులో నేర్పాడట. కాలనీలో ఎవరూ అడగరు. పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళిందట గానీ, బడి సర్టిఫికెట్‌లో బి. రాజశ్రీ, ఆధార్‌లో రాజేశ్వరి, ఇంకో దాంట్లో మగని ఇంటి పేరు. "నాకు మూడు పేర్లున్నాయి ఒదినా. ఆల్లకి ఒక్కటి కావాలి. మా తాత ఈ ఊరొచ్చీసి డెబ్భై ఏళ్ళయింది, మా పేరు రాయడం ఇంకా రాలేదు ఎవలికీ. అచ్ఛా ఛోడో అని ఒగ్గీసినాను."

తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చుని ఆమె జడ చూస్తూ వచ్చాను. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకుంటున్నది దేన్ని చూసి? లైసెన్స్ ఉన్న మనిషిని చూసి కాదు, లేని మనిషిని చూసి.

ఆగస్టు 11

ఈయనకి చెప్పాను. "చాలామందికి ఉండదు, నువ్వు ఎక్కడా అనకు" అన్నారు. అనడానికి నేనెవరిని. కానీ రేపు ఏదైనా జరిగితే? పిల్ల విషయం కదా. నేను ఆలోచించేది పిల్ల క్షేమం గురించే.

ఆగస్టు 14

పిల్ల క్షేమం గురించే.

ఆగస్టు 23, శనివారం

ఇవాళ బడిలో పేరెంట్స్ మీటింగ్. మంగాయమ్మ గారిని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని రాజశ్రీ రాలేదు. "ప్రవీణ్ గురించి ఏటన్నా అంటే విని చెప్పు ఒదినా" అంది.

వైస్ ప్రిన్సిపల్ మేడమ్ రోడ్డు భద్రత గురించి చెప్పింది. హెల్మెట్లు, ఆటోల్లో ఎక్కువమందిని ఎక్కించడం, గేటు దగ్గర రద్దీ. చివర్లో ఎవరికైనా ఏదైనా అడగాలని ఉందా అంది. నేను లేవాలనుకోలేదు. లేచాను.

"మేడమ్, ముఝే ఏక్ అనుమాన్ హై" అన్నాను.

ముందు వరసలో ఒకరిద్దరు తిరిగి చూసి నవ్వుకున్నారు. నా యాస వాళ్ళకి ఎప్పుడూ నవ్వులాటే. పట్టించుకోకుండా అడిగేశాను. వేరేవాళ్ళ పిల్లల్ని కూడా తమ బండి మీద తెచ్చేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి లైసెన్స్ ఉందో లేదో బడి చూస్తుందా అని. ఎవరి పేరూ చెప్పలేదు. పేరు నా నాలుక చివరికి కూడా రాలేదు. మేడమ్ మంచి ప్రశ్న అని పక్కావిడతో రాయించుకుంది.

నేను ఒక ప్రశ్న అడిగాను, అంతే. అడగమన్నారు కాబట్టి అడిగాను.

ఇంటికొచ్చాక, ప్రవీణ్ లెక్కల్లో బాగున్నాడని మేడమ్ చెప్పిందని రాజశ్రీకి చెప్పాను. చాలా సంతోషించింది. అరిసెలు పెట్టింది.

ఆగస్టు 25

బడి నుంచి అందరి ఫోన్లకీ మెసేజ్. సొంత పిల్లలైనా, వేరేవాళ్ళ పిల్లలైనా, బండి మీద దింపేవాళ్ళు ఈ వారంలోగా లైసెన్స్ కాపీ ఇవ్వాలి. లేకపోతే గేటు దగ్గర అనుమతించరు.

నేను వేరేవాళ్ళ పిల్లల గురించే అడిగాను. సొంత పిల్లల సంగతి వాళ్ళే కలిపారు.

ఆగస్టు 26, మంగళవారం

నిన్న సాయంత్రం రాజశ్రీ పైకి వచ్చింది. కోపంగా లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "రేపటి నుంచి దింపలేను ఒదినా. ఆటో మాట్లాడినాను, ఇద్దర్నీ అందులో పంపుదాం" అంది. కూర్చోమంటే పనుందని వెళ్ళిపోయింది.

పొద్దున ఆటో వచ్చింది. సౌభాగ్య ఎక్కనని మొండికేసింది. "అత్త బండే కావాలి" అని గేటు పట్టుకుని ఏడ్చింది. నేను విడిపించబోతే నన్ను తోసింది. రాజశ్రీ వచ్చి చెవిలో ఏదో చెప్పగానే కళ్ళు తుడుచుకుని ఎక్కింది.

ఏం చెప్పిందో అడగలేదు. అడిగితే చెప్పేదేమో కూడా. ఆమె స్కూటీ ఇప్పుడు నా స్కూటీ పక్కనే మెట్ల కింద ఉంది.

ఈయన మెసేజ్ చదివి, "మీటింగ్‌లో ఎవరైనా అడిగారా?" అన్నారు. చాలామంది అడిగారని చెప్పాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

రాజశ్రీ నేర్పడం మాత్రం మానలేదు. ఎందుకు మానలేదో అర్థం కాదు. నన్ను ఆమెకి రుణపడేలా చేయాలనేమో. గ్రౌండు దాకా బండి ఎక్కలేదు, ఇద్దరం చెరో పక్కా నడిపించుకుంటూ తీసుకెళ్ళాం. "ఇక రూలు రూలే" అని నవ్వింది. ఇవాళ నాలుగుసార్లు ఎనిమిది తిరిగాను, కాలు పెట్టకుండా. గోడ మీద కూర్చున్న నా కూతురు నా వంక కాదు, రాజశ్రీ ముఖం వంక చూస్తోంది, ఆమె సంతోషించిందా లేదా అని.

సెప్టెంబర్ 9

పరీక్షలో కాలు కింద పెట్టాను. ఫెయిల్. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే, మళ్ళీ రండి అన్నాడు. మళ్ళీ ఫీజు, మళ్ళీ స్లాటు, మళ్ళీ ఆటో. కంచె అవతల రాజశ్రీ నిలబడి ఉంది. ఆమె చూస్తుండబట్టే ఫెయిలయ్యాను.

సెప్టెంబర్ 16

సౌభాగ్య ఆటో దిగి నేరుగా కింది వాటాలోకే వెళ్తోంది. నేను టిఫిన్ చేసి పిలిస్తే "వస్తన్నాను" అంటుంది. వస్తున్నాను కాదు. నేను దిద్దితే నా ముందు సరిగ్గా అంటుంది, మెట్లు దిగగానే మళ్ళీ మొదలు.

సెప్టెంబర్ 23, మంగళవారం

పాసయ్యాను. ఈసారి రాజశ్రీని రావద్దన్నాను. నేను ఎటు వెళ్ళాలో అటే చూశాను. అది ఆమె చెప్పిన మాటే, కానీ చేసింది నేను.

అక్టోబర్ 8

కార్డు పోస్టులో వచ్చింది. నా ఫోటో, నా పేరు, కింద బిలాస్‌పూర్. అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాను, పెళ్ళిచూపుల ఫోటో చూసుకున్నట్టు. ఈయన తాళం చేతిలో పెట్టారు. బడిలో కాపీ ఇచ్చి వచ్చాను.

అక్టోబర్ 9, గురువారం

ఆటో మాన్పించేశాను. ప్రవీణ్‌ని కూడా నేనే దింపుతానని ముందే చెప్పాను. అందులో నాకేం చిన్నతనం లేదు.

ప్రవీణ్ వెనక కూర్చున్నాడు. సౌభాగ్య మధ్యలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పట్టుకోమంటే నా దుపట్టా అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. గేటు దగ్గర దిగి, "థాంక్యూ అమ్మా" అంది. ఆటో అతనికి చెప్పినట్టు.

అక్టోబర్ 15

దుపట్టా అంచే.

అక్టోబర్ 28, మంగళవారం

దీపావళి సెలవులయ్యాక ఇవాళే బడి. రైల్వే గేటు దగ్గర గతుకు వచ్చింది. అది దాటాక చూసుకుంటే నా నడుం చుట్టూ రెండు చేతులు. గతుకు అయిపోయినా తీయలేదు. మెల్లగా చెంప కూడా ఆనించింది. నేను కావాలని నిదానంగా నడిపాను. వెనక నుంచి ప్రవీణ్ లేటవుతోందని గోల.

గేటు దగ్గర దాని స్నేహితురాలితో, "మా అమ్మకి లైసెన్స్ ఉంది. మొత్తం తోర్వాలో అందరికన్నా ముందు మా అమ్మే తెచ్చుకుంది" అని చెబుతుంటే విన్నాను. అందరికన్నా ముందు అనేది అబద్ధమే అయినా ఎంత హాయిగా ఉందో. ఇన్నాళ్ళ ఖర్చూ, ఇన్ని ఆటోలూ, ఇన్ని స్లాట్లూ ఇవాళ తీరిపోయాయి. ఎవరి పిల్లలు వాళ్ళ దగ్గరికే వస్తారు. కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

ఇంటికి వచ్చేటప్పుడు రాజశ్రీ గేటు కడుగుతోంది. హారన్ కొట్టాను. అవసరం లేదు, అయినా కొట్టాను.

నవంబర్ 5

రాజశ్రీ పైకి వచ్చింది. పేరు దిద్దించుకుని లైసెన్స్‌కి పెడుతుందట. "నీకు అన్నీ తెలుసు కదా ఒదినా, ఒకసారి తోడు రా" అంది. ఏ కాగితం తర్వాత ఏ కాగితమో, ఏ కిటికీ దగ్గర ఏం అడుగుతారో నేను చెబుతుంటే బడిపిల్లలా వింది. నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఆ ఆఫీసుల్లో ఇప్పుడు తెలిసినదాన్ని నేనే.

నవంబర్ 12, బుధవారం

ముందు పేరు దిద్దించాలి కాబట్టి ఇవాళ నా బండి మీద రాజశ్రీని ఎక్కించుకుని ఆధార్ ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో క్యూ పెద్దది. ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, పాపం ఆ బడివాళ్ళు అంత హఠాత్తుగా రూలు పెట్టకుండా ఉండాల్సింది అన్నాను.

ఆమె చేతిలోని కాగితాలు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది.

"మీటింగ్ అయిన సాయంత్రమే, అక్కడికొచ్చిన తివారీ వాల్ల కోడలు ఫోన్ చేసింది ఒదినా. ఎవలో ఒకావిడ లేచి, ముఝే ఏక్ అనుమాన్ హై అందట, అందరూ నవ్వీసినారట. పేరు తెలీదంది. పేరెందుకు నాకు? హిందీలో అనుమాన్ అంటే అంచనా. దాన్ని మన అనుమానం అనుకుని వాడీసేది తెలుగోల్లే. ఇక్కడ పుట్టినోల్లం మేం అలాగ అనం. కొత్తగా వచ్చినోల్లే అంటారు. ఆ బడిలో కొత్తోల్లు మీరొక్కలే."

ఏదో అన్నాను. పిల్ల క్షేమం కోసం అని కూడా అన్నాననుకుంటాను. ఆమె తల ఊపింది, అవును అన్నట్టో కాదు అన్నట్టో తెలియలేదు.

మీటింగ్ అయిన సాయంత్రమే. అంటే బడి మెసేజ్ రాకముందే తెలుసు. గుమ్మం దగ్గర నిలబడి ఆటో మాట్లాడానని చెప్పినప్పుడు తెలుసు. గ్రౌండులో నా సీటు పట్టుకుని పరుగెత్తినప్పుడు తెలుసు.

"సౌభాగ్యకి చెప్పారా?" అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. క్షమించమని కాదు.

"చిన్నమ్మికా? దానికేటి చెప్తాను. అడిగింది, ఎందుకత్తా నువ్వు బండి తియ్యవని. కొత్త రూలొచ్చింది, మీ అమ్మ తెలివైంది కాబట్టి అందరికన్నా ముందు లైసెన్స్ తెచ్చీసుకుంది అన్నాను. మొన్న సెలవల్లో మళ్ళీ ఏడిస్తే, మీ అమ్మ బండి మీద గట్టిగా పట్టుకుని కూకో, అమ్మకి ధైర్యంగా ఉంటాది అని చెప్పినాను."

లోపలి నుంచి "రాజేశ్వరీ" అని పిలిచారు. "హా జీ" అని కాగితాలు పట్టుకుని వెళ్ళింది. తప్పు పేరుకే పలికింది, ఆ పేరు దిద్దించుకోవడానికే వచ్చి.

నేను వరండాలో ఒక్కదాన్నీ నిలబడ్డాను. సెలవుల్లో చెప్పిందట. సెలవులవగానే నా నడుం చుట్టూ చేతులు పడ్డాయి. నేను ఓపిక పట్టానని రాసుకున్నాను కదా, పై పేజీలో ఉంది. అది ఓపిక కాదు. పిల్ల నా దగ్గరికి రాలేదు, రాజశ్రీ పంపించింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు పడి, రెండు ఎదురు అని, పిల్లను లాక్కుని ఇల్లు మారిపోయేవాళ్ళం. నెహ్రూ నగర్‌లో ఇళ్ళున్నాయని ఈయన ఎప్పటి నుంచో అంటున్నారు. తిట్టలేదు. అంత పని చేసినదాన్ని నా కూతురి ముందు గొప్పదాన్ని చేసి ఊరుకుంది. నాకు సిగ్గు వేసింది, అబద్ధం రాయను, వేసింది. కానీ సిగ్గు కన్నా ముందు వచ్చింది ఇంకొకటి. ఇలా చేయడం ఈమెకే ఎలా వచ్చింది, నాకెందుకు రాలేదు అని ఒళ్ళంతా భగ్గుమంది. బండి నడపడంలో కుళ్ళుకున్నాను, హిందీలో కుళ్ళుకున్నాను, పులుసులో కుళ్ళుకున్నాను. ఇప్పుడు మంచితనంలో కూడా కుళ్ళుకుంటున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక్కటే అంది, "కొంచెం బేగి పోనీ ఒదినా, పిల్లలొచ్చే వేళయింది."

సాయంత్రం సౌభాగ్య కింది వాటా నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. అత్త పేరు సరైపోయిందట, రెండు మూడు నెలల్లో అత్తకి కూడా లైసెన్స్ వచ్చేస్తుందట. ముఖం వెలిగిపోతోంది. నా మెడ పట్టుకుని వేలాడుతూ, "నువ్వే చేయించావట కదమ్మా, అత్త చెప్పింది" అంది.

అవునన్నాను.